చేయి పట్టని వైద్యుడు

రోగి ఒకచోట, వైద్యుడు వేరొకచోట ఉండి, మధ్య టెలిఫోను పెట్టుకొని చికిత్స జరపడం మన కాలంలో పుట్టిన వింత అని చాలామంది అభిప్రాయం. 2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు ఈ పద్ధతి ఇంటింటికీ ప్రాకిన మాట నిజమే. కాని దీని చరిత్ర కనీసం రెండువందల యాభై ఏండ్ల నాటిది. ఆ చరిత్ర తెలిసికొంటే, నేడు మనకు ఎదురయ్యే చిక్కులలో సగం ఆనాడే ఎదురైనవనీ, వాటికి ఆనాటివారు కొన్ని మంచి ఉపాయాలు కనిపెట్టినారనీ బోధపడుతుంది. నేను వైద్యుణ్ణి కాను, రైల్వేలో గుమాస్తాను. అయినా పరాయి రాష్ట్రంలో కాపురమున్న మన తెలుగు కుటుంబాలకు ఈ విషయం ఇతరులకంటె ఎక్కువ అవసరమని తోచి, చదివి తెలిసికొన్నంతవరకు ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మన పెద్దలు వైద్యుని దగ్గరకు వెళ్ళడాన్ని ‘చెయ్యి చూపించుకోవడం’ అన్నారు. ఈ పలుకుబడిలోనే ఒక సిద్ధాంతం ఇమిడి ఉన్నది. రోగిని పరీక్షించడానికి వాగ్భటుని అష్టాంగహృదయం మూడు మార్గాలు చెప్పినది: దర్శనం, స్పర్శనం, ప్రశ్న. అనగా కంటితో చూడడం, చేతితో తాకడం, నోటితో అడగడం. మన తెలుగు వైద్యులు ప్రమాణంగా పెట్టుకొన్న బసవరాజీయంలోనూ నాడీపరీక్ష వివరంగా ఉన్నది. పాశ్చాత్య వైద్యంలో కూడా పద్ధతి ఇంచుమించు ఇదే. రోగి చెప్పే మొదటి నాలుగు మాటలకే వైద్యుని మనస్సులో రెండు మూడు ఊహలు పుడతాయి. తరువాత అడిగే ప్రతి ప్రశ్నా, నొక్కి చూచే ప్రతి చోటూ ఒక ఊహను బలపరుస్తుంది, మరొక ఊహను కొట్టివేస్తుంది. చివరకు నిలిచినదానికి మందు వ్రాస్తాడు. రోగి దూరాన ఉంటే స్పర్శనం పూర్తిగా పోతుంది. టెలిఫోను అయితే దర్శనం కూడా పోతుంది. ముగ్గురు మోయవలసిన బరువు ప్రశ్న ఒక్కదాని నెత్తిన పడుతుంది. అప్పుడు వైద్యుని ఆలోచన ఏ త్రోవ పట్టినదో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉత్తరాల కాలం

పదునెనిమిదవ శతాబ్దంలో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరంలో విలియం కల్లెన్ అనే ప్రసిద్ధ వైద్యాచార్యుడు ఉండేవాడు. ఆయన 1710లో పుట్టి 1790లో గతించినాడు. దూరప్రాంతాల వారు తమ జబ్బులను ఉత్తరాలలో వివరించి ఆయన సలహా కోరేవారు. ఆయన కూడా ఉత్తరంలోనే మందు, పథ్యం, దినచర్య వ్రాసి పంపేవాడు. పంపిన ప్రతి జాబుకూ నకలు ఉంచుకోవడం ఆయన అలవాటు. మొదట గుమాస్తాలు చేతితో నకళ్ళు తీసేవారు. 1781 నుంచి, ఆవిరియంత్రాన్ని బాగుచేసి పేరుపొందిన జేమ్స్ వాట్ కనిపెట్టిన నకళ్ళ యంత్రం వాడినారు. ఆ నకళ్ళు వేల సంఖ్యలో ఎడింబరో వైద్యుల కళాశాలలో భద్రంగా ఉండబట్టే, రోగి ముఖం చూడకుండా ఒక వైద్యుడు ఎట్లా ఆలోచించేవాడో నేడు మనం చదువగలుగుతున్నాము.

1784లో ఇంగ్లీషు నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్ లండనులో ఉబ్బసంతోను, ఒంటికి నీరు పట్టి వాపుతోను బాధపడుతుండగా, ఆయన మిత్రుడు బాస్వెల్ ఆ సంగతంతా వ్రాసి కల్లెన్‌కూ, మరికొందరు ఎడింబరో వైద్యులకూ పంపినాడు. వారు తమ సలహాలు జాబులలోనే తెలియజేసినారు. జాన్సన్ ఆ సంవత్సరం డిసెంబరులో మరణించినాడు. ఇక్కడ గమనింపదగినది ఒకటి ఉన్నది. ఉత్తరం వ్రాసినది రోగి కాదు, మిత్రుడు. కల్లెన్‌కు వచ్చిన జాబులలో ఇటువంటివి చాలా ఉన్నవి. భార్య తరఫున భర్త, కొడుకు తరఫున తండ్రి, రోగి తరఫున ఆ ఊరి చిన్న వైద్యుడు వ్రాసేవారు. అంటే రోగి బాధ మరొకరి మాటలలోకి మారి వైద్యునికి చేరేది. ఈ చిక్కు నేటికీ తీరలేదు. దీనిని గురించి ముందు మళ్ళీ చెప్పుతాను.

కల్లెన్ ధైర్యంగా ఉత్తరం మీద వైద్యం ఎట్లా చేయగలిగినాడు? ఆ కాలంలో ఎదుట కూర్చున్న రోగిని కూడా వైద్యులు తాకి చూచినది తక్కువ. నాడి, నాలుక, మూత్రం చూచి, తక్కినదంతా అడిగి తెలిసికొనేవారు. నిద్ర, ఆకలి, విరేచనం, శరీరతత్వం, తల్లిదండ్రుల జబ్బులు — ఇవే ఆధారాలు. ఇవన్నీ కాగితం మీద పెట్టగలిగినవే. కనుక ఉత్తరం వల్ల వైద్యుడు పోగొట్టుకొన్నది కొంచెమే.

ఐతే రోగులకు తమ జబ్బు సక్రమంగా వ్రాయడం తెలియదు. ఈ లోటు కనిపెట్టినవాడు స్విట్జర్లాండులోని లోజాన్ నగరపు వైద్యుడు తిస్సో. ఆయనకు కూడ దేశదేశాల నుంచి వందలకొలది జాబులు వచ్చేవి. 1761లో సామాన్య ప్రజల ఆరోగ్యం కొరకు ఆయన అచ్చువేసిన గ్రంథంలో, దూరాన ఉన్న వైద్యుని సలహా కోరేవారు ఏయే ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసికొనవలెనో ఒక పట్టిక ఇచ్చినాడు. వయస్సు ఎంత, పూర్వం ఆరోగ్యం ఎట్లా ఉండేది, జబ్బు ఎన్నాళ్ళనుంచి, ఎట్లా మొదలైనది, జ్వరం ఉన్నదా, నిద్ర పడుతున్నదా, ఏమి తింటున్నారు — ఇట్టివి. నేడు టెలిఫోను వైద్య కేంద్రాలలో ఎదుట పెట్టుకొని చదివే ప్రశ్నల జాబితాకు ఇది ముత్తాత అనవచ్చును.

సరిగా అదే 1761లో వియన్నా నగరంలో మరొక చిన్న పుస్తకం వెలువడినది. దాని కర్త ఆవెన్‌బ్రుగ్గర్ రోగి రొమ్మును వేళ్ళతో తట్టి, పుట్టే ధ్వనిని బట్టి లోపల నీరు చేరినదా లేదా చెప్పవచ్చునని వ్రాసినాడు. ఆయన పూటకూళ్ళ సత్రం నడిపినవారి బిడ్డ. పీపాను తట్టి అందులో సరకు ఎంతవరకు ఉన్నదో తెలిసికొనే అలవాటు నుంచి ఈ ఊహ పుట్టినదని చెప్పుతారు. మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1808లో ఫ్రెంచి వైద్యుడు కోర్విజార్ దానిని అనువదించిన పిమ్మట వ్యాప్తి వచ్చినది. 1816లో పారిసు నగరంలో లెన్నెక్ కాగితం చుట్టగా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. 1819లో తన స్టెతస్కోపును గూర్చి గ్రంథం ప్రకటించినాడు. అప్పటినుంచి రోగి చెప్పిన మాటతో పని లేకుండానే అతని శరీరం స్వయంగా సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టినది. తట్టి విని చూడని వైద్యుడు వైద్యుడే కాడన్న భావం బలపడినది. ఉత్తరాల వైద్యానికి గౌరవం తగ్గినది. ఒకే సంవత్సరంలో వచ్చిన రెండు పుస్తకాలలో ఒకటి ‘అడిగి తెలిసికో’ అన్నది, రెండవది ‘తాకి తెలిసికో’ అన్నది. వైద్యం ఆ రెంటి నడుమ నేటివరకు ఊగుతూనే ఉన్నది.

తీగమీద, గాలిమీద

1876లో గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంటు పొందినాడు. నాలుగేళ్ళయినా గడవకముందే, 1879లో, ఇంగ్లండు వైద్యపత్రిక లాన్సెట్ ఒక విశేషం ప్రచురించినది. అర్ధరాత్రి ఒక ఇంటివారు తమ బిడ్డకు క్రూప్ వచ్చినదని భయపడి వైద్యునికి టెలిఫోను చేసినారు. క్రూప్ అంటే కంఠం వాచి, కుక్క మొరిగినట్లు దగ్గు వచ్చే జబ్బు. వైద్యుడు బిడ్డను టెలిఫోను దగ్గర పట్టుకొని దగ్గు వినిపించమన్నాడు. విని, ఇది క్రూప్ కాదని చెప్పి, అందరినీ పడుకోమన్నాడు. ఆ జబ్బుకు గుర్తు ధ్వనే. ఆ ధ్వని తీగ మీద చెడకుండా వచ్చినది. కనుక నిర్ణయం సాధ్యమైనది. అదే బిడ్డకు కడుపునొప్పి అయితే తీగ ఏమీ చేయలేకపోయేది. జబ్బుకు గుర్తు ఏదో, ఆ గుర్తు దూరం ప్రయాణం చేయగలదో లేదో — దూరవైద్యంలో మొదటి ప్రశ్న ఇదే అని ఆనాడే తేలినది.

ప్రయాణం చేయలేని గుర్తును ప్రయాణం చేయించే ప్రయత్నం 1905లో హాలండు దేశపు లైడన్ నగరంలో జరిగినది. గుండె విద్యుత్తును గీతలుగా వ్రాసే యంత్రం నిర్మించిన ఐంథోవెన్, ఆ బరువైన యంత్రాన్ని ఆసుపత్రికి తీసుకుపోలేక, రోగి గుండె విద్యుత్తునే టెలిఫోను తీగ ద్వారా సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించినాడు. ఆయనకు 1924లో నోబెల్ బహుమానం వచ్చినది.

తీగ కూడ పోని చోట్లు రెండు: సముద్రం, ఎడారి. 1935లో ఇటలీలోని రోము నగరంలో, ఓడలలో జబ్బుపడిన నావికులకు రేడియో ద్వారా ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ ఏర్పడినది. రేడియో పితామహుడైన మార్కోని దానికి మొదటి అధ్యక్షుడు. ఆస్ట్రేలియాలో జాన్ ఫ్లిన్ అనే మతాచార్యుడు 1928లో క్వీన్స్‌లాండు రాష్ట్రంలోని క్లాంకరీ నుంచి విమానంలో తిరిగే వైద్యుని ఏర్పాటు చేసినాడు. మరుసటి సంవత్సరం నుంచి ట్రేగర్ తయారుచేసిన రేడియోలు పశువుల కాపరుల ఇండ్లకు చేరినవి. వాటికి కరెంటు అవసరం లేదు; సైకిలు త్రొక్కినట్లు పెడలు త్రొక్కితే పనిచేసేవి.

ఈ ఆస్ట్రేలియా పద్ధతి శ్రద్ధగా చూడదగినది. 1942 నుంచి మారుమూల ఇండ్లలో మందుల పెట్టెలు ఉంచినారు. అందులో ప్రతి మందుకూ ఒక అంకె. పేర్లు పలకడంలో, వినడంలో పొరపాటు రాకుండా వైద్యుడు రేడియోలో ‘ఫలానా అంకె మందు ఇయ్యండి’ అనేవాడు. తరువాత మనిషి శరీరం బొమ్మ వేసి, భాగాలకు కూడ అంకెలు పెట్టినారు. నొప్పి ఎక్కడ అంటే ఇంటావిడ అంకె చెప్పేది. ఎదుట లేని కడుపును వైద్యుడు అంకెల మీదుగా తడిమి చూచినాడన్నమాట.

ఇంతకంటె ముఖ్యమైన మార్పు వైద్యుని ఆలోచనలో వచ్చినది. ఆసుపత్రిలో వైద్యుడు ‘ఇది ఏ జబ్బు?’ అని అడుగుకొంటాడు. రేడియో దగ్గర కూర్చున్న వైద్యుడు మొదట ‘ఈ మనిషి తెల్లవారేదాకా ఆగగలడా, ఇప్పుడే విమానం పంపవలెనా?’ అని అడుగుకొంటాడు. జబ్బు పేరు తరువాత. అపాయం ఉన్నదా లేదా ముందు. నేడు టెలిఫోనులో మాట్లాడే ప్రతి వైద్యుడూ, తెలిసో తెలియకో, చేస్తున్నది ఈ లెక్కే.

లాభనష్టాల లెక్క

వెతికే జబ్బు ఏదో ముందే తెలిసిన పెద్ద నిపుణుని సంగతి వేరు, వీధి చివర కూర్చుండే మామూలు డాక్టరు సంగతి వేరు. అతని దగ్గరకు జలుబూ వస్తుంది, గుండెపోటూ వస్తుంది, రెండూ ఒకే మాటతో వస్తాయి. కనుక దూరం వల్ల కలిగే కష్టం అతనికే ఎక్కువ.

1975లో ఇంగ్లండులో హాంప్టన్, ఆయన సహచరులు 80 మంది కొత్త రోగులను పరిశీలించినారు. వారిలో 66 మందికి, రోగి చెప్పిన వృత్తాంతం తెలిసేసరికే సరియైన నిర్ణయం కుదిరినది. శరీర పరీక్ష వల్ల నిర్ణయం తేలినది 7గురికి. రక్తం మొదలైన పరీక్షల వల్ల తేలినది మరి 7గురికి. ఇది చూచి ‘అయితే టెలిఫోనే చాలుగదా’ అనడం తొందరపాటు. తాకితేగాని, పరీక్షిస్తేగాని తెలియనివారు 14 మంది, అనగా ఆరుగురిలో ఇంచుమించు ఒకరు. ఆ ఒకరు ఎవరో ముందుగా ఎవరు చెప్పగలరు?

పైగా ఒకే గదిలో కూర్చుని వినడం వేరు, తీగమీద వినడం వేరు. రోగి గుమ్మం దాటి నడిచి వచ్చే తీరు, కుర్చీలో కూలబడే తీరు, ముఖంలో కళ, ఒంటి వాసన — ఇవన్నీ వైద్యుడు అడగకుండానే గ్రహిస్తాడు. లేచిపోతూ గుమ్మం దగ్గర ఆగి ‘అన్నట్టు డాక్టరుగారూ, ఇంకొక్క సంగతి’ అంటాడు రోగి. తరచు అసలు జబ్బు ఆ మాటలోనే ఉంటుంది. టెలిఫోనుకు గుమ్మం లేదు. స్కాట్లండులో జరిగి 2010లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, టెలిఫోను సంభాషణలు ముఖాముఖి వాటికంటె పొట్టిగా ఉన్నవనీ, రోగులు తక్కువ సమస్యలు చెప్పినారనీ, వైద్యులు తక్కువ వివరాలు సేకరించినారనీ తేలినది.

కాలం, ధనం కలిసివస్తాయా అంటే, ఆ లెక్క కూడ చూచినారు. ఇంగ్లండులో 42 వైద్యశాలలలో సుమారు 21,000 మంది రోగులతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2014లో వచ్చినవి. ఆనాడే చూడవలెనని కోరిన రోగికి ముందుగా టెలిఫోను చేసి మాట్లాడితే, తరువాతి 28 రోజులలో మొత్తం సంప్రతింపులు, డాక్టరు మాట్లాడినప్పుడు 33 శాతం, నర్సు మాట్లాడినప్పుడు 48 శాతం పెరిగినవి. ఖర్చు మాత్రం ఇంచుమించు సమానమే. పని తగ్గలేదు, చోటు మారినది, అంతే.

2020లో కరోనా వచ్చి వైద్యులందరినీ ఒక్కసారిగా టెలిఫోను దగ్గర కూర్చోబెట్టినది. అప్పుడొక కొత్త మోసం బయటపడినది. ఆయాసపడే మనిషి మాట తెగి తెగి వస్తుందని వైద్యుల అనుభవం. ఈ జబ్బులో కొందరికి రక్తంలో ప్రాణవాయువు ప్రమాదకరంగా పడిపోయినా మాట మామూలుగానే ఉన్నది. గొంతును నమ్మిన చెవి మోసపోయినది. ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో చూచే పద్ధతి ఒకటి వాడుకలోకి రాగా, ఆక్స్‌ఫర్డు పండితులు ఆధారాలు వెదకి, దానిని నమ్ముకోవద్దని ఆ సంవత్సరమే హెచ్చరించినారు. చివరకు ఆదుకొన్నది వేలికి తొడిగే చిన్న ఆక్సిమీటరు. లైడన్ నగరంలో ఐంథోవెన్ చేసిన పనే ఇది: కనబడని గుర్తును అంకెగా మార్చి పంపడం.

న్యాయంగా చెప్పవలెనంటే, దూరవైద్యం వల్ల ఘోరాలు జరిగిపోతున్నవనడం కూడ తప్పే. బ్రిటనులో ఇటువంటి 95 ప్రమాద సంఘటనలను పరిశీలించి 2023లో ప్రకటించినవారు, మరణం, తీవ్రమైన హాని మిక్కిలి అరుదని వ్రాసినారు. జరిగినచోట కారణాలు చాలావరకు తెలిసినవే: వివరాలు చాలకపోవడం, పరీక్ష జరగకపోవడం, ఎదుటికి పిలువవలసినవారిని పిలువకపోవడం. పూర్వమే తెలిసిన రోగికి, తెలిసిన జబ్బుకు, రక్తపోటు మందు సరిచూడడం వంటి పనికి టెలిఫోను సుఖమే. కొత్త రోగి, కొత్త నొప్పి అయినప్పుడే జాగ్రత్త కావలె.

ఆ జాగ్రత్తకు మంచి సూత్రం బ్రిటిషు వైద్యుడు రోజర్ నైబర్ 1987లో తన గ్రంథంలో చెప్పినాడు. ప్రతి రోగి విషయంలోనూ వైద్యుడు తన్ను తాను మూడు ప్రశ్నలు వేసికొనవలెనట. నా ఊహ నిజమైతే ఇకముందు ఏమి జరగవలె? ఊహ తప్పయితే ఆ సంగతి నాకెట్లా తెలుస్తుంది? తెలిసినప్పుడు ఏమి చేస్తాను? దూరాన ఉన్న వైద్యుడు ఈ మూడింటి జవాబులను రోగికి కూడ చెప్పవలె.

రైల్వేలో పనిచేసే మనకు ఈ విధానం కొత్త కాదు. స్టేషను మాస్టరుకు అవతలి స్టేషను కనబడదు. అయినా వందలాది ప్రాణాలున్న బండిని అటు పంపుతాడు. ఏ ధైర్యంతో? లైన్ క్లియర్ అడగడానికి నియమించిన మాటలు ఉన్నవి. విన్నమాటను తిరిగి చెప్పడం ఉన్నది. ప్రైవేటు నెంబరు ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నది. రిజిస్టరులో వ్రాయడం ఉన్నది. కంటికి కనబడని లోటును పద్ధతి పూడుస్తుంది. అనుమానం వస్తే బండి ఆగుతుంది. దూరవైద్యానికీ ఇంతకంటె వేరు రక్ష లేదు.

మన దేశం, మన భాష

మన దేశపు దూరవైద్య చరిత్రలో ఒక మొదటి పుట తెలుగునేల మీదే వ్రాయబడినది. చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామపు ఆసుపత్రిని 2000లో ఉపగ్రహం ద్వారా నగర వైద్యులతో కలిపినారు. 2001లో ఇస్రో సంస్థ ఇటువంటి పనిని స్వయంగా చేపట్టినది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 అంకెకు టెలిఫోను చేస్తే ఆరోగ్య సలహా చెప్పే ఏర్పాటు మొదలైనది. 2019 నవంబరులో కేంద్రప్రభుత్వం ఈ-సంజీవని ప్రారంభించినది. ఇందులో ఊరి ఆరోగ్యకేంద్రంలో రోగి ప్రక్కన ఒక ఆరోగ్యోద్యోగి కూర్చుంటారు, తెర మీద వైద్యుడు ఉంటాడు. తాకవలసిన చెయ్యి ఇక్కడ, ఆలోచించే బుద్ధి అక్కడ. కల్లెన్‌కు జాబు వ్రాసిన ఊరి వైద్యుని స్థానమే ఇది. 2020 ఏప్రిలు నుంచి రోగి ఇంటినుంచే వైద్యునితో మాట్లాడే వీలు కలిగినది. అంతకుముందు మార్చి 25న ప్రభుత్వం నియమావళి ప్రకటించినది. దాని ప్రకారం, చేతితో పరీక్షించడం అవసరమని తోస్తే వైద్యుడు దూరంనుంచి సాగించక ఎదుటికి రమ్మనవలె. కొన్ని మందులు దూరంనుంచి వ్రాయనే కూడదు.

ఆ నియమావళిలో మన బోటి వారికి పనికివచ్చే మాట మరొకటి ఉన్నది. రిజిస్టరు అయిన వైద్యుడు దేశంలో ఏ మూల ఉన్న రోగికైనా ఈ విధంగా సలహా చెప్పవచ్చును. అంటే ఒడిశాలో, కర్ణాటకలో, మహారాష్ట్రలో ఉన్న తెలుగు ముసలమ్మ విశాఖపట్నంలోనో, గుంటూరులోనో ఉన్న తెలుగు డాక్టరుకు తన బాధ తన భాషలో చెప్పుకోవచ్చును. ఇది చిన్న మేలు కాదు. తాకడం, చూడడం పోయి మాట ఒక్కటే మిగిలినచోట, ఆ మాట ఏ భాషలో ఉన్నదన్నదే ప్రాణం.

మన భాషలో బాధకు ఎన్ని పేర్లున్నవో చూడండి. పోటు, సలుపు, పీకు, తీపు, మంట, పొడుపు, తిమ్మిరి, బరువు, పట్టేసినట్లుండడం. పోటు వేరు, సలుపు వేరు. గుండెల్లో మంట వేరు, గుండె మీద బరువు పెట్టినట్లుండడం వేరు. వైద్యునికి ఈ తేడాయే దారి చూపుతుంది. ఇంట్లో మామ్మ ‘రొమ్ము పట్టేస్తున్నది, ఎడమ రెక్క లాగుతున్నది’ అంటుంది. తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన మనుమడు టెలిఫోనులో స్థానిక భాషలోనో, ఇంగ్లీషులోనో ‘కొంచెం నొప్పి, గ్యాసు అనుకొంటాను’ అంటాడు. పోటు, సలుపు, బరువు అన్నీ ఒక్క ‘పెయిన్’లో కలిసిపోయినవి. దానికి తోడు జబ్బు పేరు కూడ అతడే పెట్టివేసినాడు. వైద్యుని మనస్సులో మొదటి ఊహ అక్కడే పాతుకొంటుంది. తరువాత ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. పిల్లవానిలో దోషం లేదు, ప్రేమా తక్కువ కాదు. మాట తక్కువైనది.

కనుక మన ఇండ్లలో కొన్ని అలవాట్లు చేసికొంటే మేలు. జబ్బు సంగతి వీలయినంతవరకు రోగి నోటనే చెప్పించవలె. మరొకరు చెప్పవలసివస్తే, రోగి అన్న మాటే చెప్పవలెగాని మనం పెట్టిన పేరు చెప్పకూడదు. టెలిఫోను చేసేముందే, తిస్సో చెప్పినట్లు, వయస్సు, ఎన్నాళ్ళనుంచి, ఎట్లా మొదలైనది, వాడుతున్న మందులు, పడని మందులు ఒక కాగితం మీద వ్రాసికొనవలె. వైద్యుడు చెప్పినది తిరిగి ఆయనకే చెప్పి సరిచూచుకొనవలె. ‘ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పోవలె?’ అని అడగనిదే టెలిఫోను పెట్టకూడదు. రొమ్ములో బరువు, కొత్తగా ఆయాసం, మూతి వంకరపోవడం, మాట తడబడడం, స్పృహ తప్పడం వంటివాటికి టెలిఫోను వైద్యం పనికిరాదు. అప్పుడు 108కి చెప్పి బయలుదేరవలసినదే.

చివరగా మన సంఘానికి ఒక మనవి. ప్రతి ఉగాదికీ పిల్లలకు పద్యాల పోటీలు, పాటల పోటీలు పెడుతున్నాము. చాలా సంతోషం. వాటితోపాటు, ఇంట్లో మామ్మ, తాతయ్య తమ ఒంటి బాధలకు వాడే మాటలు పిల్లలచేత ఒక పుస్తకంలో వ్రాయించే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. తెలుగు బ్రతకవలెనని మనం సభలలో అనుకొంటాము. తెలుగు మాట ఒకటి సమయానికి అందితే మనిషి బ్రతకవచ్చునని ఈ చరిత్ర చెప్పుతున్నది.

ఈ నూతన సంవత్సరంలో సంఘసభ్యులందరికీ ఆయురారోగ్యాలు కలుగుగాక.